మూడో కేక

మార్కాపురం,
21 నవంబరు 2022.

తమ్ముడు కరుణాకరానికి,

ప్రభువు నామంలో అక్క పుష్పమ్మ వందనాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం అలవాటు. క్షేమం లేదు గనక రాయడం లేదు.

నువ్వు ఆ రోజు ఫోన్‌లో చెప్పినవి నాలుగే మాటలు. బావను పట్టుకున్నారు. నా పేరు ఎవరికీ చెప్పొద్దు. ఫోన్ చేయొద్దు. ఏదన్నా ఉంటే ఉత్తరం రాయి. ఆ తర్వాత నీ ఫోన్ మోగితే ఒట్టు. పన్నెండు రోజులు చూసి చూసి పోస్టాఫీసుకు పోయినా. కవరు అడిగితే అక్కడి అమ్మాయి నన్ను ఎగాదిగా చూసి, "ఇంకా ఉత్తరాలు రాసేవాళ్ళు ఉన్నారా అక్కా?" అని నవ్వింది. మా తమ్ముడు పెద్ద ఆఫీసరమ్మా, ఉత్తరమైతేనే చదువుతాడు అని చెప్పినా.

తొమ్మిదో తారీఖు మీ బావ కువైట్ విమానం ఎక్కాల్సింది. నువ్వు పనిచేసే ఎయిర్‌పోర్టే గదా, సంచులు చూసే మిషన్ దగ్గరే గదా నీ డ్యూటీ. "నేనుంటా, బావకు భయమెందుకు" అన్నది నువ్వే. రెండు రోజులకల్లా మా ఇంటికి పోలీసు జీపు వచ్చింది. ఇల్లంతా తిరగేసినారు. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టినారు, అమ్మ దిండు కోసి దూది పీకినారు. మీ బావ యేసుబాబు సంచి అడుగున మూడు డిటొనేటర్లు దొరికినాయంట. మనం గనిలో క్యాపులు అనేవాటికి ఆ పేరు. మందును పేల్చే సన్న గొట్టాలని నేను చెబితే, "ఓహో, నీకూ తెలుసా!" అని ఎస్సై రాసుకున్నాడు. పలకల గనుల ఊళ్ళో పుట్టి క్యాపులు తెలియనోళ్ళు ఎవరున్నారు?

ఆ సంచి నాయనది. నాయన ముప్పై ఏళ్ళు పలకల గనిలో మందు పెట్టి రాయి పేల్చినాడు, ఒక్క వేలు పోగొట్టుకోలేదు, ఒక్క మనిషికి దెబ్బ తగలనీయలేదు. వత్తి ముట్టించే ముందు మూడు కేకలు. మూడు కేకలూ వేయందే ఓనరు వచ్చి నిలబడినా ముట్టించేవాడు కాదు. రోజూ ఆ ఖాకీ సంచి భుజాన వేసుకోని పోయినాడు, రోజూ దానితోనే ఇంటికొచ్చినాడు. మందు సంచి మోసినోడు తిరిగొస్తాడని మన గనుల్లో మాట. అందుకే దూరం పోయే అల్లుడికి కొత్త సంచి ఎందుకని, పదకొండేళ్ళుగా దూలానికి వేలాడుతున్న దాన్ని అమ్మ దించింది. దసరా సెలవుకొచ్చిన నువ్వు దాన్ని తలకిందులు చేసి దులిపినావు. లోపల చెయ్యి పెట్టి తడిమినావు. "రోజుకు వెయ్యి సంచులు చూసే కన్ను నాది. ఇది శుభ్రంగా ఉంది, పట్టుకుపో బావా" అన్నావు. 

పోయేముందు ఎస్సై అడిగినాడు, నీకు అన్నదమ్ములు ఎవరన్నా ఉన్నారా అని. లేరని చెప్పినా. నువ్వు చెప్పినట్టే. అమ్మ పక్కనే ఉంది. ఉన్న ఒక్క కొడుకును నేను నోటితో లేకుండా చేస్తుంటే, కోసిన దిండు ఒళ్ళో పెట్టుకోని తల వంచుకుంది.

రెండే సంగతులు రాయి. ఆ రోజు నువ్వు డ్యూటీలో ఉన్నావా? నువ్వు తడిమిన సంచిలోకి క్యాపులు ఎట్ల వచ్చినాయి?

మీ అక్క,
పుష్పమ్మ.


క్వార్టర్స్,
2 డిసెంబరు 2022.

అక్కకు,

నీ ఉత్తరం అందింది. కవరు మీద నీ పేరు, ఊరు పేరు రాయొద్దు. ఈ ఉత్తరం చదివాక కాల్చేయి.

ఆ రోజు నాకు వీక్లీ ఆఫ్. అనుకోకుండా మార్చారు. నేను అక్కడ లేను. జరిగింది తోటివాళ్ళు చెబితే తెలిసింది.

నువ్వు అనుకున్నట్టు అక్కడ ఎవరో ఒకరు చెయ్యి పెట్టి బావను ఇరికించడం ఉండదు. ఇందులో మనుషుల ఇష్టాయిష్టాలు లేవు. తెర మీద అనుమానం వస్తే బెల్టు ఆపేస్తారు. సంచిని ఎవరూ ముట్టుకోరు, కదపరు, తెరవరు. దాని మనిషిని దానికి దూరంగా తీసుకుపోతారు. దగ్గర్లో వాకీటాకీ కూడా మాట్లాడరు. హాలు ఖాళీ చేయిస్తారు. కుక్క వస్తుంది, తర్వాత బాంబు స్క్వాడ్ వస్తుంది. మందపాటి దుప్పటి కప్పుతారు. వాళ్ళు దాన్ని దూరంగా ఇసుక బస్తాల మధ్యకి తీసుకుపోయి, అవసరమైతే అక్కడే పేల్చేస్తారు. బావ సంచినీ అలాగే పేల్చేశారు. పాతబడిన క్యాపులు ఎప్పుడు ఏం చేస్తాయో ఎవరూ చెప్పలేరు, కాబట్టి వాటిని సాక్ష్యం కోసం దాచిపెట్టి మనుషుల ప్రాణాలు పణం పెట్టరు. మిగిలిన ముక్కలు ల్యాబుకు పోయాయి. అంతా రూలు ప్రకారం జరిగింది. 

క్యాపులు ఎలా వచ్చాయో నాకు తెలియదు. నేను చూసినప్పుడు సంచి ఖాళీ.

ఒక్క సంగతి అర్థం చేసుకో. నా రికార్డులో మచ్చ లేదు. ఫిబ్రవరిలో ప్రమోషన్ లిస్టు వస్తుంది. ఇప్పుడు నా పేరు ఈ కేసులోకి వస్తే బావకు మేలు జరగదు, నాకు మాత్రం కీడు జరుగుతుంది. ప్రార్థన చేస్తున్నాను. అమ్మను జాగ్రత్తగా చూసుకో.

క.


మార్కాపురం,
28 డిసెంబరు 2022.

తమ్ముడికి,

క్రిస్మస్ అయిపోయింది. గుమ్మానికి నక్షత్రం కట్టలేదు. పాస్టరయ్య వచ్చి ప్రార్థన చేసి, టీ తాగకుండా పోయినాడు. పోలీసులు వచ్చిన ఇంట్లో టీ చేదుగా ఉంటుంది కాబోలు.

"మార్చారు, పేల్చేశారు, పోయాయి" అంటూ నీ తెలుగు బలే మారింది. సంతకం కూడా ఒక్క అక్షరమే. మిగతా పేరు ఖర్చవుతుందనా? కాల్చమన్నావు. గ్యాసు పొయ్యి మీద ఉత్తరం ఎట్ల కాల్చాలో నాకు తెలియదు. అయినా నాయన ఉన్నన్నాళ్ళూ మన ఇంట్లో ఆకులు కూడా కాల్చనిచ్చేవాడు కాదు, నీకు తెలియనిదా.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి మీ సిటీకి వచ్చినా. నీ క్వార్టర్స్ గేటు ముందు నుంచే పోయింది నేనెక్కిన బస్సు. దిగలేదులే, భయపడొద్దు. జైల్లో మీ బావను చూసినా. మనిషి సగమైనాడు. పలకల దుమ్ము ముందే రొమ్ములో ఉంది గదా, దగ్గు మొదలైతే మాట తెగిపోతుంది. ఇచ్చిన పదిహేను నిమిషాల్లో ఐదు నిమిషాలు దగ్గినాడు. మిగిలిన పదిలో నన్ను అడిగిన మొదటి మాట ఏందో తెలుసా? "కరుణాకరం బాగున్నాడా?" అని. తర్వాత ఇంకేదో చెప్పబోయి, కటకటాలు పట్టుకోని ఆగిపోయినాడు. ఏంది అని అడిగితే, ఏం లేదులే అన్నాడు.

అక్కడి కోర్టులో వసుంధరమ్మ అని వకీలు ఉంది. గిద్దలూరు ఆడబిడ్డే. మన మాట విని కేసు తీసుకుంది. ఆమె చెప్పింది ఇది. యేసుబాబు ఒకప్పుడు గనిలో రాయి కొట్టినవాడు గనక, క్యాపులు తనే దొంగిలించి పెట్టుకున్నాడని పోలీసులు రాసినారు. ఎందుకు పెట్టుకున్నాడో వాళ్ళకు అక్కర్లేదు, ఉంటే చాలు, పదేళ్ళు వేయొచ్చు. సంచి మామదని, క్యాపులు పాతవని చూపించడానికి ఏమీ మిగల్లేదు. అన్నీ ఇసుకలో పేలిపోయినాయి. భార్య చెబితే ఎవరూ వినరు. తన ఉద్యోగానికి చేటు తెచ్చుకోనైనా నిజం చెప్పే మనిషి ఒక్కడు దొరికితే, ఆ మాటకు బరువుంటుంది అని చెప్పింది. అట్లాంటి మనిషి మీకెవరన్నా ఉన్నారా అని అడిగింది. నేను కిటికీలోంచి బయటికి చూసినా.

నాయన ఆ సంచిలో ఏమన్నా దాచేవాడా? నువ్వు సద్ది తీసుకోని రోజూ గనికి పోయినవాడివి. నన్ను పోనిచ్చేవాళ్ళు కాదు. బాగా గుర్తు చేసుకోని రాయి.

పుష్పమ్మ.


క్వార్టర్స్,
20 జనవరి 2023.

అక్కకు,

నాకేమీ గుర్తులేదు. అప్పుడు చిన్నవాడిని. నాయన తన సంచి ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నువ్వు ఒక కోణంలోనే ఆలోచిస్తున్నావు. బావ పాత గని మనిషి. దొనకొండలో వాళ్ళ అన్నదమ్ములు బావులు తవ్వే పనికి పోతుంటారు, అక్కడా క్యాపులు వాడతారు. ఎవరన్నా ఇచ్చారేమో, బావ మరిచిపోయి అందులో పెట్టాడేమో. నేను నింద వేయడం లేదు. ఒకసారి గట్టిగా అడిగి చూడు అంటున్నాను. 

రెండు నెలలు ఉత్తరాలు రాయొద్దు. ఇక్కడ తనిఖీలు ఎక్కువగా ఉన్నాయి. ఇదీ కాల్చేయి.

క.


మార్కాపురం,
19 మార్చి 2023.

ఒకటో నంబరు సాక్షి గారికి,

ఛార్జిషీటు వచ్చింది. వసుంధరమ్మ చదివి, మాకు అర్థమయ్యేట్టు చెప్పింది. అన్నిటికంటే ముందు సాక్షుల పట్టీ. ఒకటో నంబరు: కె. కరుణాకరం, తండ్రి పేరు చిన్నయ్య, సంచుల తనిఖీ మిషన్ దగ్గర డ్యూటీలో ఉన్న ఉద్యోగి.

వీక్లీ ఆఫ్!

నీ వాంగ్మూలం ఆమె చదువుతుంటే నేను ప్లాస్టిక్ కుర్చీ చేతులు పట్టుకోని కూర్చున్నా. "తెర మీద అనుమానాస్పదమైన ఆకారం కనిపించినందున వెంటనే బెల్టు ఆపితిని. సదరు ముద్దాయితో నాకు ఎటువంటి పరిచయమూ, బంధుత్వమూ లేదు." "ఎటువంటి" అన్న మాట ఎంత బాగా పడింది! మీ బావ పెళ్ళికి వచ్చినప్పుడు ఆయన సైకిల్ కడ్డీ మీద కూర్చోని ఊరంతా తిరిగినవాడివి. నీకు టైఫాయిడ్ వస్తే ఒంగోలు దాకా నిన్ను ఒళ్ళో పెట్టుకోని బస్సులో తీసుకపోయింది ఎవరు? నీ సెలక్షన్‌కు పరిగెత్తడం నేర్పింది ఎవరు, పొద్దున్నే కంభం రోడ్డు మీద సైకిల్ తొక్కుతూ నీ వెంట వచ్చింది ఎవరు?

పైగా గట్టిగా అడిగి చూడు అని నాకు సలహా ఇచ్చినావు. అడిగినా. అది కూడా చేసినా నీ మాట పట్టుకోని, నాకు సిగ్గు లేక. "నీ అన్నదమ్ములు ఎవరన్నా ఇచ్చినారా?" అంటే ఆయన నన్ను చూసి, "ఇది మీ తమ్ముడు అడగమన్నాడా?" అన్నాడు. అప్పటికి నాకు ఛార్జిషీటు సంగతి తెలియదు. ఆయనకు తొమ్మిదో తారీఖు నుంచి తెలుసు. నిన్ను చూసినాడు, నువ్వు చూసినావు. నాలుగు నెలలు ఆ సంగతి నాతో అనలేదు.

వసుంధరమ్మకు ఈ ఒకటో నంబరు ఎవరో చెప్పలేదు. ఇంకా చెప్పలేదు. నాకు నిజం కావాలి. అంతా రాయి. కోర్టులో కాదు, ముందు నాకు రాయి. ఇది మొదటిసారి అడగడం.

చిన్నయ్య కూతురు.


సిటీ,
9 ఏప్రిల్ 2023.

అక్కా,

నాలుగుసార్లు రాసి చింపినాను. ఇది ఐదోది.

డ్యూటీలోనే ఉన్నా. కావాలనే ఆ షిఫ్టు వేయించుకున్నా, బావను నవ్విస్తూ పంపించాలని. లైనులో దూరం నుంచే చూసినాడు, చెయ్యి ఎత్తబోయి, ఇక్కడ పలకరించొచ్చో లేదోనని దించుకున్నాడు. సంచి బెల్టు మీద పెట్టినాడు. తెర మీదికి వచ్చింది. చొక్కాలు, పచ్చడి సీసా, కీళ్ళ నొప్పుల తైలం. అడుగున పక్కపక్కన మూడు సన్న గీతలు.

అక్కా, చూసిన క్షణానే నాకు అంతా గుర్తొచ్చింది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఒకరోజు సద్ది తీసుకపోతే నాయన గట్టు మీద కూర్చోని సంచి అడుగు కుడుతున్నాడు. రాతిలో తొలిచిన గుంతల్లో ఒకటి పేలకపోతే, ఇంకో క్యాపు కోసం రెండు మైళ్ళు స్టోరుకు నడవాల. అందుకని మూడు ఎప్పుడూ దగ్గర పెట్టుకునేవాడు. మందుతో కలిపి పెట్టకూడదని విడిగా దూది చుట్టి, రెండు గుడ్డల మధ్య పెట్టి కుట్టేవాడు. "అమ్మకు, అక్కకు చెప్పొద్దురా, భయపడతారు" అన్నాడు. నేను చెప్పలేదు. తర్వాత మరిచేపోయినా. దసరాకు సంచి తడిమినప్పుడు అడుగున గట్టిగా తగిలింది. అట్ట ముక్క అనుకున్నా. ఇక్కడ బెల్టు మీద వచ్చే ప్రతి సంచినీ అనుమానంతో చూస్తా. ఇంట్లో దాన్ని ఎత్తినప్పుడు నాయన చెమట వాసన వచ్చింది. అంతకుమించి చూడలేదు.

బటన్ నొక్కినా. బెల్టు ఆగింది. "సార్, మీరు ఇటు రండి" అని బావను నేనే పిలిచినా. హిందీలో పిలిచినా. ఆయన నవ్వుకుంటూ వచ్చినాడు, నేను తమాషా చేస్తున్నాననుకోని. హాలు ఖాళీ చేయించినాం, పిల్లల్ని ఎత్తుకోని ఆడవాళ్ళు పరిగెత్తినారు. స్క్వాడ్ వచ్చి దుప్పటి కప్పేదాకా నేను నిలబడాల్సిన చోటే నిలబడినా. అంతా అయినాక ఇన్‌స్పెక్టర్ పాస్‌పోర్టు చూసి, "మీ వైపు మనిషిలా ఉన్నాడే, నీకు తెలుసా?" అన్నాడు. అప్పుడు బావ నా నోటి వైపు చూస్తున్నాడు.

నో సార్ అన్నా.

తెలుసు అంటే, సంచి మా ఇంటిదే అనాల. నేనే తడిమి పంపించినా అనాల. ఆ మాట గొంతు దాకా కూడా రాలేదు. నో సార్ మాత్రం బలే తొందరగా వచ్చింది. తర్వాత కాగితం మీద రాయించుకున్నారు, సంతకం పెట్టినా. బావను తీసుకపోయేటప్పుడు నా పక్కగా నడిపించినారు. ఆయన తల తిప్పలేదు. నాకు సాయం చేస్తున్నట్టు నేల చూసుకుంటా పోయినాడు.

ఇంకోటి కూడా ఉంది. ఎట్లాగూ తెలుస్తుంది గనక రాస్తున్నా. జనవరి ఇరవయ్యారున అందరి ముందు నాకు ప్రశంసాపత్రం ఇచ్చినారు, అప్రమత్తంగా డ్యూటీ చేసినందుకు. మా ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లో తగిలించింది. లిస్టులో పేరు కూడా వచ్చింది. నేను ఆ గోడ వైపు వీపు పెట్టుకోని అన్నం తింటున్నా.

ఇప్పుడు చెబితే ఉద్యోగం పోతుంది, నా మీద కూడా కేసు పెడతారు. పిల్లలు ఇద్దరూ చిన్నవాళ్ళు. నన్ను ఏం చేయమంటావో నువ్వే చెప్పు. ఇది మాత్రం తప్పకుండా కాల్చేయి అక్కా, నీ కాళ్ళకు మొక్కుతా.

కరుణాకరం.


మార్కాపురం,
7 మే 2023.

తమ్ముడూ,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించినా. మధ్యలో ఆపమంది. తర్వాత మళ్ళీ మొదటి నుంచి చదవమంది. సంచి దించింది నేనే గదా అని ఒక్కమాట అని లేచిపోయింది. ఆ రోజు నుంచి గంజి తప్ప ముట్టడం లేదు.

బెల్టు ఆపినందుకు నిన్ను ఒక్క మాట అనను. ఆ విమానంలో ఎవరి పిల్లలో ఉంటారు. నాయనైనా అదే చేసేవాడు, అల్లుడని చూసేవాడు కాదు. సంచి అడుగు తడిమి అట్ట అనుకున్నందుకూ అనను. మనిషి అన్నాక పొరపడతాడు, అదే సంచి నేను రోజూ దుమ్ము దులిపినా, నాకు మాత్రం తెలిసిందా? కానీ ఇన్‌స్పెక్టర్ అడిగినాడు చూడు, అప్పుడు నీ నోట్లో నాలుక ఉంది. ఆ తర్వాత ఆరు నెలలు నీ చేతిలో పెన్ను ఉంది. దానితో నువ్వు రాసింది ఏంది? బావనే అనుమానించమని నాకు రాసినావు.

మొన్న జైలుకు పోయినప్పుడు ఆయనను అడిగినా, ఎందుకు చెప్పలేదని. "వాడు నోరు తెరిస్తే వాడూ నా పక్క గదికే వస్తాడు. ఇంటికి ఒక మగోడన్నా బయట ఉండొద్దా" అన్నాడు. ఆ మాట అనడానికి మూడుసార్లు దగ్గినాడు. గుడ్డ తీసి నోరు తుడుచుకోని, ఆ గుడ్డ నాకు కనపడకుండా మడిచినాడు. ఎర్రగా ఉంది. బెయిలు రెండుసార్లు కొట్టేసినారు. కువైట్ వాళ్ళు ఇంకో మనిషిని పెట్టుకున్నారు. సరే, కువైట్ పోతే పోయింది, అది మనకు రాసిపెట్టి లేదు. మనిషి మిగలాల. పదేళ్ళంటే ఆయన బయటికి నడిచి రాడు, పెట్టెలో వస్తాడు.

నీకూ పిల్లలున్నారు, కాదన్లేదు. ఉద్యోగం పోతే మార్కాపురం రా. ఫ్యాక్టరీలో పలకలు కోసే మిషన్ దగ్గర నా పక్కన చోటుంది. దుమ్ము నాకు అలవాటైంది, నీకూ అవుతుంది.

కోర్టులో నిన్ను పిలుస్తారు. అడిగినప్పుడు నిజం చెప్పు. నాకు రాసింది రాసినట్టు చెప్పు. ఇది రెండోసారి అడగడం.

అక్క.


సిటీ,
28 నవంబరు 2023.

అక్కా,

ఇన్ని నెలలు రాయలేదు, క్షమించు. సమన్లు వచ్చినాయి. డిసెంబరు పద్నాలుగు.

చెబుతా అక్కా. తీర్మానం చేసుకున్నా. మా ఆవిడకు కూడా చెప్పినా, ఏడ్చింది, తర్వాత నీ ఇష్టం అంది. నిన్న ఆ ఫ్రేము గోడ మీంచి తీసి బీరువా వెనక పెట్టినా. ఏడాది తర్వాత కడుపు నిండా తిన్నా. నాయన గట్టు మీద నిలబడి కేక వేస్తున్నట్టు కలొచ్చింది. నువ్వు కోర్టుకు రా. నువ్వు ఎదురుగా ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. బావకు చెప్పు, నేను చెబుతానని.

ఉత్తరాలు కాల్చినావు గదా?

నీ తమ్ముడు,
కరుణాకరం.


మార్కాపురం,
1 జనవరి 2024.

కరుణాకరానికి,

వస్తానన్నట్టే వచ్చినా. నువ్వు రమ్మన్నావని, మూడో వరసలో, బోను ఎదురుగా కూర్చున్నా. ఇస్త్రీ యూనిఫాంలో వచ్చినావు. భుజం మీద కొత్త గీత ఉంది. ఎప్పుడు వచ్చిందో రాయనేలేదు.

తండ్రి పేరు అడిగితే చిన్నయ్య అన్నావు. ఆ ఒక్కటీ అబద్ధం ఆడలేకపోయినావు. తెర, మూడు గీతలు, బెల్టు, దుప్పటి, ఇసుక బస్తాలు, అన్నీ వరసగా అప్పజెప్పినావు. జడ్జి కూడా తలూపినాడు. అప్పుడు ప్రభుత్వ వకీలు అడిగినాడు: "ముద్దాయిని అంతకుముందు ఎప్పుడైనా చూశారా?" నువ్వు నా వైపు చూసినావు. చూడలేదని అబద్ధం చెప్పొద్దు, చూసినావు. నేను తల ఊపినా, చెప్పరా అని.

"లేదు సార్."

ఆ మాట అనడానికి నీకు నేను ఎదురుగా కావాల్సి వచ్చిందా?

నా ఒళ్ళో సంచి ఉంది. సంచిలో నీ ఉత్తరాలున్నాయి. నాలుగూ ఉన్నాయి. నా చెయ్యి లోపలికి పోయింది. ముద్దాయి బోనులోంచి మీ బావ చూసినాడు, వద్దు అని తల అడ్డంగా ఆడించినాడు. దగ్గు వచ్చింది ఆయనకు, దగ్గుతూనే వద్దు వద్దు అంటున్నాడు. వసుంధరమ్మకు ఆ దగ్గు ఎందుకో తెలియక నీళ్ళు తెప్పించింది. ఆమె నిన్ను అడగాల్సినవి అడిగింది, అసలుది ఆమెకు తెలియదు గనక అడగలేకపోయింది. నేను చెయ్యి బయటికి తీసుకున్నా. నువ్వు సెల్యూట్ కొట్టి, మెట్లు దిగి, జీపు ఎక్కి పోయినావు. అక్కా అని కూడా అనలేదు.

పదిహేడు రోజులు ఆలోచించినా. ఆయన మాట వినాలా, నా మాట వినాలా అని. ఆయన మంచోడు. ఇంటికి ఒక మగోడు బయట ఉండాలంటాడు. బయట ఉన్న మగోడు ఎట్లాంటోడో ఆయన ఇంకా లెక్కలోకి తీసుకోలేదు. ఈసారి ఆయనను అడగను. అడిగితే వద్దంటాడు.

అమ్మను అడిగినా. నీ తల్లి గదా, అడగకుండా చేయకూడదు. లేచి దూలానికున్న ఆ ఖాళీ కొక్కెం వైపు చూసి, "మీ నాయన ఉంటే చేసేదే చెయ్యి" అంది.

అందుకని ఈ ఉత్తరం. ఎనిమిదో తారీఖు సోమవారం పొద్దున పదిన్నరకు నీ నాలుగు ఉత్తరాలూ వసుంధరమ్మ చేతికి ఇస్తున్నా. ఏప్రిల్ తొమ్మిదిది అన్నిటికంటే పైన పెట్టినా. తర్వాత నిన్ను మళ్ళీ బోనెక్కిస్తారు, నీ చేతిరాత నీకే చూపిస్తారు. ఎస్సైకి నేను చెప్పిన అబద్ధం కూడా చెబుతా. నాకు తమ్ముడు లేడన్నా గదా, దానికి పడే శిక్ష నేను పడతా. ఈ కవరు స్పీడు పోస్టులో గురువారానికల్లా నీకు చేరుతుందన్నారు. సోమవారం లోపల నువ్వే నీ కాళ్ళ మీద నడిచిపోయి జడ్జి ముందు చెప్పుకుంటే, ఉత్తరాలు నీ చేతిలోనే పెడతా. అప్పుడు గ్యాసు పొయ్యి మీద నేనే కాల్చి చూపిస్తా.

నాయన గట్టు మీద నిలబడి వేసే కేకలు నీకు గుర్తున్నాయి గదా, కలలోకి కూడా వస్తున్నాయన్నావు. మొదటి కేక మనుషులకు, రెండోది గొడ్లు తోలుకొచ్చేవాళ్ళకు అనేవాడు. మూడోది ఎవరికి నాయనా అని నేను అడిగితే, "వినీ కదలనోడికి" అన్నాడు. మొదటిది నీకు మార్చిలో వేసినా. రెండోది మేలో వేసినా. ఇది మూడోది.

మూడో కేక తర్వాత నాయన ఎన్నడూ ఆగలేదు.

పుష్పమ్మ.